ఈ వారం సమస్య: "కదలకున్న కారె కడుపు నింపె"

నిర్వాహకుడు:
నిన్న మనవణ్ణి చౌమహల్లా ప్యాలెస్‌కి తీసుకెళ్ళాను. అక్కడి పసుప్పచ్చ రోల్స్ రాయిస్ ముందు వాడు కాదు, నేను అతుక్కుపోయాను. చిన్నప్పుడు క్యాలెండర్ బొమ్మలో చూసి మనసు పారేసుకున్న జాతి మరి. వాడు ఆకలని ఏడుస్తున్నాడు, నాకు ఆకలే లేదు. పాదం అక్కడే తట్టింది. ఇదే ఆఖరి పాదంగా పద్యాలు కానివ్వండి. శాస్త్రిగారూ, లఘువుగారూ, కిందటివారంలా కొట్టుకోవద్దు.

పాతబస్తీ:
చిన్ననాటి నుండి చిత్రపటము గోడ
నున్న దాని కొరకు నూళ్ళు తిరిగి
చౌమహల్ల లోన చాలసేపు నిలువఁ
గదలకున్న కారె కడుపు నింపె

ఆ బండి కావాలన్నది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా. 1911 ఆగస్టులో ఆయనే పోయాడు. వచ్చాక ఎక్కింది కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్. వెనక సీటే సింహాసనం! ఇన్నేళ్ళకీ తిరిగింది కొన్ని వందల మైళ్ళేనంటారు. అంటే ఊహ కాదు సార్, నిజంగానే కదలకున్న కారు.

గోదారిగట్టు:
మా వైపు కారంటే వేరు.
ఎండిపోయి చెరువు లేడ్చుచుండఁగ వచ్చి
మొయిలు నిలిచి యుఱిమి ముసురు వెట్టె
గాలి తోలినను గట్టు దాటక నిల్చి
కదలకున్న కారె కడుపు నింపె

షెడ్డుశాస్త్రి:
గట్టుగారూ, చెరువు కడుపు నింపారు గానీ మూడో పాదంలో మూడో గణం కడుపు మాడ్చారు. "నను" రెండు లఘువులే. "తోలుచున్న" అనండి, సరిపోతుంది. ఇంకోటి, కారంటే నలుపు, వానకాలం. మబ్బు కావాలంటే కారుమొయిలు అనాలి. ఇక నాది, రెండు కామాలతో:

మోజు పడిన బండి ముంగిట నిలిపితి
నూనె మరక నేల నూరు చోట్ల
మేస్తిరింట నిత్య మృష్టాన్నమయ్యెరా
కదలకున్న, కారె, కడుపు నింపె

నిర్వాహకుడు:
ఆహా! కారు నామవాచకం కాదు, కారడం! కదలకపోయినా కారింది, నిండింది మేస్త్రి కడుపు. ముప్ఫై ఏళ్ళు షెడ్డు నడిపిన చెయ్యి.

గోదారిగట్టు:
నా "నను" పట్టుకున్నారుగా, మీ "నిత్య మృ" మాటేమిటి? మృ ముందు త్య గురువు కాదూ?

షెడ్డుశాస్త్రి:
వట్రసుడి అచ్చు గుర్తు నాయనా, వత్తు కాదు. బడిలో చెప్పలేదా?

లఘువు:
గట్టుగారిని బడికి పంపే ముందు కిందటివారం పుష్పకవిమానం పద్యంలో పకారానికి చకారంతో యతి వేసిందెవరో గుర్తు చేసుకోండి శాస్త్రిగారూ. మేం మరిచిపోలేదు. ఈ కామాలు కూడా నిలవవు. "కదలకున్నన్" అని ద్రుతం తెచ్చుకున్నారు, తరవాతి కకారం ఊరుకుంటుందా? సరళమై గకారం అయి తీరుతుంది. అప్పుడు కారె కాస్తా ఏమవుతుందో చూడండి:

అద్దె రోల్సు తెచ్చి యల్లుని నెక్కించ
నాగిపోయె దారి నర్ధరాత్రి
యత్తగారి మూట యాదుకొనెను, కారు
కదలకున్నఁ గారె కడుపు నింపె

పాతబస్తీ:
గారె! సమస్యలో అక్షరం ముట్టకుండా, వ్యాకరణమే వండిపెట్టింది. వాహ్!

నిర్వాహకుడు:
పాదం ఇచ్చిన నాకే తట్టలేదు. ఈ వారం దండ లఘువుగారికే.

షెడ్డుశాస్త్రి:
సరళాదేశం ఒప్పుకున్నాను. విషయమే ఒప్పుకోను. రోల్స్ దారిలో ఆగడమేమిటి? 1907లో సిల్వర్ ఘోస్ట్ దానంతటది ఆగకుండా 14,371 మైళ్ళు పరుగెత్తింది. ఇంజను చప్పుడు వినపడదనే దయ్యం పేరు పెట్టారు. అలాంటి బండిని గారెల కోసం నడిరోడ్డు మీద నిలబెడతారా? నా పద్యంలో నూనె కారిన బండికి పేరు పెట్టలేదు, గమనించండి. మోజుకైనా మర్యాద ఉండాలి.

లఘువు:
ఆ పరుగు లెక్క ఎక్కణ్ణించి మొదలెట్టారు మాస్టారూ? అంతకు ముందు ఒకసారి ఆగిందిగా?

షెడ్డుశాస్త్రి:
అది ఇంజను తప్పు కాదు. కుదుపుకి పెట్రోలు కుళాయి మూసుకుపోయింది. ఒక్కసారే.

లఘువు:
గారె తినడానికి ఒక్కసారి చాలు.

గోదారిగట్టు:
"తోలుచున్న" అని దిద్దుకున్నాను. ఇప్పుడైనా ఎవరైనా నా పద్యం చదువుతారా?