సఫ్రజెట్‌ల ఫోటోలు పోలీసులకి ఎలా దొరికాయి?

1913లో బ్రిటన్‌లో ఓటుహక్కు కోసం జైలుకెళ్ళిన ఆడవాళ్ళు ఫోటో తీస్తుంటే మొహం తిప్పేసుకునేవాళ్ళట, కళ్ళు మూసేసుకునేవాళ్ళట, మరి పోలీసుల దగ్గర అన్ని ఫోటోలు ఎక్కడివండీ?

జవాబు 1:
దొంగచాటుగా తీశారండి. లండన్‌లో హాలోవే ఆడవాళ్ళ జైలు ఆవరణలో నడుస్తుంటే దూరం నుంచి లెన్స్ పెట్టి తీశారు, ఆ ఫోటోల షీట్లు మ్యూజియంలకి కూడా పంపారు, అక్కడి పెయింటింగులు పాడుచేయకుండా ఎవరొస్తే ఆపాలో తెలియాలని.

జవాబు 2:
ఎవెలిన్ మానెస్టా అనే సఫ్రజెట్ ఫోటో చూడండి. ఆమె కదలకుండా గార్డు మెడ చుట్టూ చెయ్యేసి పట్టుకున్నాడు, తర్వాత పంచిన కాపీలో ఆ చెయ్యి తీసేసి స్కార్ఫ్‌లా దిద్దేశారు. రెండూ పక్కపక్కన చూస్తే నాకు కడుపులో తిప్పేసింది.

జవాబు 3:
ఖైదీల ఫోటోలు దాచడం కొత్తేం కాదు, పారిస్ పోలీసుల దగ్గర అప్పటికే బెర్టియాన్ పద్ధతి ఉంది కదా, తల, చెవి, వేళ్ళ కొలతలతో ఫోటో కార్డులు. 1892లో బాంబులు పెట్టిన అనార్కిస్టు (ప్రభుత్వమే ఉండకూడదనేవాడు) రవషోల్ అసలు ఎవరో తేల్చింది ఆ కొలతలే.