కోవెంట్రీ వెళ్లిన మన మద్రాసు కుర్రాడికి: పాత కార్ల రేసుల్లో మొదట ఏది చూడాలి?

అన్నానగర్ నుంచి కోవెంట్రీ వెళ్లిన కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో ఆఫీసు పని మీద ఇంగ్లాండులోని కోవెంట్రీ వచ్చాను. మా ఆవిడ, నాలుగేళ్ల పాప జూన్‌లో వస్తారు. నాకు చిన్నప్పటి నుంచీ పాత కార్ల పిచ్చి. చెన్నైలో వింటేజ్ ర్యాలీ జరిగితే ఏ ఏడూ మానలేదు. కానీ అక్కడ అవి ఊరేగుతాయి, అంతే. ఇక్కడ నిజంగానే రేసుల్లో పరిగెత్తిస్తారట. సిల్వర్‌స్టోన్ ఫెస్టివల్ అంటున్నారు, గుడ్‌వుడ్ రివైవల్ అంటున్నారు, కొండ మీదికి నడిపే పోటీలు కూడా ఉన్నాయట. ఈ వేసవిలో ఒక్క వీకెండ్‌కి సరిపడా సెలవు, డబ్బు ఉన్నాయి. ఎటు వెళ్లమంటారు? చూసొచ్చినవాళ్లు చెప్పండి.

వలసరవాక్కం నుంచి:

తమ్ముడూ, మీ పక్కనే రగ్బీ అనే ఊళ్లో ఎనిమిదేళ్లు ఉండి ఇంటికొచ్చేశాను కాబట్టి నాకు చెప్పే హక్కు కాస్త ఉంది. ముందే చెప్పేస్తున్నా, మొదటిసారి పెద్దదానికి వెళ్లకు. నేను ఆ తప్పే చేశాను. అది కూడా ఎలా చేశానో విను. గుడ్‌వుడ్‌లో జూలైలో ఒకటి, సెప్టెంబర్‌లో ఒకటి జరుగుతాయి. జూలైలో జరిగేది ఫెస్టివల్ ఆఫ్ స్పీడ్. అది 1993 నుంచి జమీందారు గారి బంగళా ముందు రోడ్డు మీద నడుస్తోంది. కొత్త కార్లు, పాత కార్లు ఒక్కొక్కటిగా వెళ్తాయి. సెప్టెంబర్‌లో జరిగేది రివైవల్. అది అసలు సర్క్యూట్ మీద జరిగే అసలు రేసు. నేను చూడకుండా జూలై టికెట్లు కొనేసి, లక్షల జనంలో నిలబడి, కొత్త స్పోర్ట్స్ కార్ల షోరూములు చూసి వచ్చాను. తప్పు నాదే. పేరు చూసి డబ్బు కట్టేయకు, నెల చూసుకో.

నువ్వు మొదట వెళ్లాల్సింది ప్రెస్కాట్. చెల్టెన్‌హామ్ దగ్గర ఒక కొండవాలు. నీ దగ్గర్నుంచి కారులో గంటా పావు పడుతుందేమో. ఆ కొండ 1937 నుంచీ బుగాటీ కార్ల ఓనర్ల క్లబ్బుది. ఏటా ఆగస్టు ప్రాంతంలో వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్బు వాళ్లు అక్కడ పోటీ పెడతారు. ఈ క్లబ్బు 1934లో పుట్టింది, ‘వింటేజ్’ అనే మాట విషయంలో మహా పట్టుదల మనుషులు. మనవాళ్లు పాత ఫియట్‌ని కూడా వింటేజ్ అనేస్తాం కదా, వాళ్ల లెక్కలో 1919 నుంచి 1930 దాకా తయారైనదే వింటేజ్. 1930లలో వచ్చిన మంచి కారుకి ఇంకో పేరు ఉంది. ఆ పేరు పెట్టే విషయంలో కూడా వాళ్లు గొడవపడుతుంటే వినడానికి బాగుంటుంది.

పోటీ ఎలా ఉంటుందంటే, ఒకేసారి ఒక్క కారు. గడియారంతో పందెం. కింద లైన్ దగ్గర ఆగుతుంది, వెనక చక్రం జారకుండా చెక్క అడ్డం పెడతారు, పచ్చదీపం వెలగగానే దూకుతుంది. మలుపులన్నీ తిరిగి నిమిషం లోపల పైకి చేరిపోతుంది. టీవీలో చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. పార్డన్ అనే మలుపు దగ్గర గట్టు మీద కూర్చుని చూడు. హెయిర్‌పిన్ మలుపు అది, దాదాపు వెనక్కి తిరిగినట్టే ఉంటుంది. బ్రేకులు అంతంతమాత్రంగా ఉన్న 90 ఏళ్ల కారుని ఒక పెద్దాయన మొదటి గేరులోకి దించి, రెండు చేతులతో స్టీరింగ్‌ని లాగుతుంటే, ఆయన మోచేతుల కష్టం నీకు కళ్లకు కనిపిస్తుంది. కొన్ని కార్లకి పట్టు కోసం వెనక రెండేసి చక్రాలు కట్టి ఉంటాయి, మన లారీల్లా.

అసలు సరదా రేసులో కాదు, ప్యాడాక్‌లో, అంటే తమ వంతు వచ్చేదాకా కార్లు నిలబెట్టుకునే చోట. ప్రెస్కాట్‌లో అది ఒక పండ్లతోట. చెట్ల కింద కార్లు నిలబెట్టి, బోనెట్ ఎత్తి, యజమానులే ఒళ్లంతా మసి పూసుకుని పని చేస్తుంటారు. నువ్వు పోయి పక్కన నిలబడొచ్చు. ఫ్రేజర్ నాష్ అని ఒక కారు ఉంది, దాని గేర్లు గొలుసులతో నడుస్తాయి, సైకిల్ చైన్ లాగే. అడిగావో, ఆ పెద్దమనిషి పని ఆపేసి కింద పడుకుని మరీ చూపిస్తాడు. నాకు అరగంట చూపించాడు, వాళ్ల ఆవిడ టీ చల్లారిపోతోందని కేకలేస్తున్నా వినలేదు.

ఇంకొకటి. అక్కడ ఒక వాసన వస్తుంది, కాస్త తియ్యగా, కాస్త మాడినట్టు. అది ఆముదం! పాత రేసు ఇంజన్లలో ఆముదం కలిసిన ఆయిలే పోసేవాళ్లు. క్యాస్ట్రాల్ అనే పేరు కూడా అలా వచ్చిందే, ఇంగ్లిష్‌లో ఆముదాన్ని క్యాస్టర్ ఆయిల్ అంటారు కదా. మా అమ్మమ్మ తలకి ఆముదం పట్టిస్తానంటే డాబా ఎక్కి పారిపోయినవాణ్ణి, అక్కడ టికెట్ కొనుక్కుని మరీ పీల్చాను.

కొత్త సభ్యుడు:

అన్నా, చదువుతుంటేనే వెళ్లిపోవాలనిపిస్తోంది. కానీ సిల్వర్‌స్టోన్ నాకు బాగా దగ్గర కదా? పాపతో అది సుఖం కాదా?

వలసరవాక్కం నుంచి:

దగ్గరే. ఆగస్టు చివరి బ్యాంక్ హాలిడే వీకెండ్‌లో పెడతారు. పిల్లలకి ఆటలు, సాయంత్రం పాటల కచేరీ, అన్నీ ఉంటాయి. పాత ఫార్ములా వన్ కార్ల గుంపు ఒక్కసారిగా స్టార్టవుతుంటే గుండె అదురుతుంది, కాదనను. కానీ ట్రాక్ దాదాపు 5.9 కిలోమీటర్లు. ఇప్పటి ఫార్ములా వన్ కోసం కట్టినది కాబట్టి, ప్రమాదాలు జరగకుండా కార్లకీ మనకీ మధ్య బోలెడంత ఖాళీ జాగా వదిలారు. పాత కారు సన్నటి టైర్ల మీద జారుతూ మలుపు తిరగడమే కదా మనం చూడాలి? అంత దూరం నుంచి అదే కనపడదు. పాప కోసమైతే వెళ్లు. నీ కోసమైతే ప్రెస్కాట్.

పెరంబూరు నుంచి ఒక పెద్దాయన:

బాబూ, మీరు ఇంగ్లాండు సంగతులు చెబుతుంటే నాకు షోలవరం గుర్తొచ్చింది. నెల్లూరు బస్సులో వెళ్లేవాళ్లందరికీ తెలుసు, రెడ్ హిల్స్ దాటాక వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ అది. 1953లో పెట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు దాని మీదే రేసులు పెట్టేవారు. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా మా కుర్రకారుకి అదే కాశీ, అదే రామేశ్వరం. నెత్తిన తడి తువ్వాలు వేసుకుని, కాంక్రీటు సెగలో రోజంతా నిలబడేవాళ్లం. నీడ అన్న మాటే లేదు. ఇంటికొచ్చేసరికి మా నాన్న గుర్తుపట్టేవారు కాదు.

గుడ్‌వుడ్, సిల్వర్‌స్టోన్ కూడా యుద్ధ విమానాల స్థావరాలేనని విన్నాను. నిజమేనా?

ఇంకో మాట. నువ్వున్న కోవెంట్రీకీ మన మద్రాసుకీ చుట్టరికం ఉంది. వండలూరు దగ్గర తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఆ ఊరి కంపెనీదే. మా పెళ్లి ఊరేగింపు అందులోనే.

వలసరవాక్కం నుంచి:

నిజమే బాబాయ్ గారూ. గుడ్‌వుడ్‌ది ఫైటర్ విమానాల స్థావరం. దాని చుట్టూ ఉన్న రోడ్డే 1948లో రేసు ట్రాక్ అయింది. సిల్వర్‌స్టోన్ బాంబర్లది. 1950 మే 13న మొదటి ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు జరిగింది దాని మీదే.

మీరు చుట్టరికం అన్నారు కాబట్టి ఇంకోటి. ప్రెస్కాట్ కుదరకపోతే షెల్స్‌లీ వాల్ష్ అని ఇంకో కొండ ఉంది, 1905 నుంచి అదే దారి మీద పోటీలు జరుగుతున్నాయి. పొడవు 914 మీటర్లే, కానీ అందులోనే 100 మీటర్ల ఎత్తు ఎక్కాలి. కోవెంట్రీ నుంచి అటు వెళ్లే దారిలో రెడ్డిచ్ తగులుతుంది. మన తిరువొత్తియూరు బుల్లెట్ పుట్టిల్లు అదే.

రెడింగ్ నుంచి ఒక అక్క:

మగవాళ్లంతా ఇంజన్ల గురించే చెబుతున్నారు. మీ ఆవిడ సంగతి నేను చెబుతా. ఎప్పటికైనా ఒక్కసారి రివైవల్‌కి తీసుకెళ్లు, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. 1966లో ఆ ట్రాక్ మూతపడింది, 1998లో మళ్లీ తెరిచారు. అందుకని అక్కడంతా 1940ల నుంచి 1960ల దాకా ఉన్న కాలమే. వచ్చిన జనం కూడా ఆ కాలం బట్టలే వేసుకొస్తారు. బలవంతమేమీ లేదు, కానీ జీన్స్‌లో వెళితే పెళ్లికి నైటీలో వచ్చినట్టుంటుంది. మొదటి ఏడు నేను గౌను అద్దెకు తెచ్చుకుని ఊపిరాడక చచ్చాను. తర్వాతి ఏడు మా అత్తగారి ట్రంకు పెట్టెలోంచి 1962 నాటి పెళ్లి చీర తెప్పించుకున్నాను. సన్న జరీ, పొట్టి చేతుల జాకెట్టు, జడకి కనకాంబరాలు దొరక్క గులాబీ. ఎంతమంది ఆపి ఫొటో అడిగారో! మనం వేషం వేయక్కర్లేదు, మన అమ్మమ్మలు కట్టిందే ఆ కాలం బట్ట. కాకపోతే గడ్డి తడిగా ఉంటుంది, పట్టు వద్దు. వెంకటగిరి నేతచీర, కింద బూట్లు. కుచ్చిళ్లు కాస్త పైకి కట్టుకోవాలి.

పంచె, లాల్చీలో మా ఆయన కూడా వచ్చారు. చలికి మధ్యాహ్నానికే కోటు అడిగారు.

వలసరవాక్కం నుంచి:

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. రివైవల్‌లో సెయింట్ మేరీస్ ట్రోఫీ అని పాత సెడాన్ కార్ల రేసు ఉంటుంది. 1960ల కార్ల వంతు వచ్చిన ఏడాది, ఓడ లాంటి అమెరికన్ ఫోర్డ్ గెలాక్సీ వెనక మినీ అనే బుల్లి కారు పడి తరుముతుంది. తిన్నటి రోడ్డు మీద గెలాక్సీ దూరమైపోతుంది, మలుపులో మినీ మళ్లీ అంటుకుంటుంది. చిట్టెలుక ఏనుగుని తరిమినట్టు. దాని కోసమైనా వెళ్లాలి. కానీ టికెట్ ఖర్చు ప్రెస్కాట్‌తో పోల్చేది కాదు, ముందుగా కొనకపోతే గేటు దగ్గర దొరకదు, కోవెంట్రీ నుంచి కారులో మూడు గంటలు పడుతుంది, కాబట్టి రాత్రి బసకి కూడా వదులుతుంది. మొనాకో, లా మాన్ రేసులని ఎవరైనా ఊరిస్తే వినకు. వాటికి షెంగెన్ వీసా కావాలి, ఇప్పుడే ఎందుకు.

ప్రెస్కాట్‌కి రైలు మీద ఆధారపడకు, అది పల్లెటూరు. నువ్వు అక్కడికి చేరిన మొదటి 12 నెలలు మన ఇండియా లైసెన్సుతోనే నడపొచ్చు, ఒక రోజుకి కారు అద్దెకు తీసుకో. పొద్దున్నే ప్రాక్టీసు ఉంటుంది, అప్పటికే చేరుకో. పాపకి చెవులు మూసే ఇయర్ మఫ్స్ తప్పనిసరి, మర్చిపోతే పది నిమిషాల్లో ఇంటికెళ్లిపోదామంటుంది. మడత కుర్చీలు, రెయిన్‌కోట్లు, పులిహోర. ఆగస్టు కదా వాన రాదులే అనుకోకు, అది మద్రాసు ఆగస్టు కాదు.

కొత్త సభ్యుడు:

ప్రెస్కాట్ శనివారం, ఆదివారం రెండింటికీ కొనేశాను. మా ఆవిడ మాత్రం రెడింగ్ అక్క మెసేజ్ చదివి అప్పుడే వాళ్ల అమ్మమ్మకి ఫోన్ చేసింది, ట్రంకు పెట్టె తాళం ఎక్కడుందని.

పెరంబూరు నుంచి ఒక పెద్దాయన:

సంతోషం బాబూ. ఫొటోలు నాకు వద్దు, కళ్లు సరిగా ఆనవు. ఆ మలుపు దగ్గర ఫోన్ పట్టుకుని రెండు నిమిషాలు సౌండు రికార్డు చేసి పంపు. మధ్యలో ఎవరూ మాట్లాడొద్దని చెప్పు.