మళ్ళీ ముచ్చికల పనికి వెళ్దామనుకుంటున్నా, రాత్రి వంట సంగతే తేలట్లేదు

చుట్టుగుంట కోడలు:

అందరికీ నమస్తే. మాది గుంటూరు. పెళ్ళైన దగ్గర్నించీ సీజన్‌లో మిర్చి ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే పనికి వెళ్ళేదాన్ని. పర్మినెంట్ అంటూ ఏమీ లేదు, మేస్త్రి ఫోన్ చేస్తే వెళ్ళడం, కాయ లేని రోజు ఇంట్లో ఉండడం, అంతే. పోయినేడాది గర్భసంచి ఆపరేషన్ అయ్యి ఒక సీజన్ మొత్తం పోయింది. ఇప్పుడు డాక్టరమ్మ పనికి వెళ్ళొచ్చు అంది, బస్తాలు మాత్రం ఎత్తొద్దంది. కొత్త కాయ యార్డుకి వస్తోంది, మేస్త్రి రెండుసార్లు ఫోన్ చేశాడు, మా ఆయన ఆటో మీద వచ్చేది కిస్తీలకే సరిపోతోంది కాబట్టి నాకూ వెళ్ళాలనే ఉంది.

పని గురించి భయం లేదు, భయమల్లా వంటే. ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాను కదా, మూడు పూటలా వేడివేడిగా వండిపెట్టి అందరికీ అలవాటు చేశాను, అది నేను చేసిన తప్పే. ఇప్పుడు పొద్దున ఎనిమిదికి వెళ్ళి సాయంత్రం ఆరున్నరకి వచ్చి, స్నానం చేసి మళ్ళీ పొయ్యి ముందు నిలబడాలి. అత్తయ్యకి షుగర్, ఎనిమిదికల్లా తిని మాత్ర వేసుకోవాలి. ఇద్దరు పిల్లలు. వీటన్నిటికన్నా చేతుల మంట. ఇదివరకు చేతులకి అలవాటైపోయి పెద్దగా తెలిసేది కాదు. మొన్న ఒక్కరోజు చూద్దామని వెళ్తే తేజ కాయ పోశారు, అది బాగా మంట రకం, రాత్రి చపాతీ పిండి కలుపుతుంటే ప్రాణం పోయినట్టయింది, మా చిన్నాడేమో ఆ చపాతీ తిని "అమ్మా కారం" అని ఒకటే ఏడుపు. సబ్బుతో మూడుసార్లు కడిగే కలిపాను మరి! ఇలా మానేసి మళ్ళీ వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలా నెట్టుకొచ్చారో చెప్పండి. "ఎందుకొచ్చిన పని, ఇంట్లో ఉండు" అని మాత్రం అనకండి, ఆ మాట అనడానికి మా ఆడపడుచు ఉంది.

ఏటుకూరు రోడ్డు అక్క:

అమ్మాయ్, అది ఉత్త సబ్బుతో పోదు. మిరపలో మంట పుట్టించేది నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. తడి చేత్తో రుద్దితే వేళ్ళకున్నది అరచేతికి పాకుతుంది, అంతకు మించి ఒరిగేదేం ఉండదు. ఇంటికి రాగానే నీళ్ళు ముట్టుకోకుండా పొడి చేతులకే రెండు చెంచాల వంటనూనె పోసుకుని గోళ్ళ సందుల్లోకి పోయేలా బాగా రుద్ది, పాత గుడ్డతో తుడిచెయ్. అప్పుడు అంట్లు తోమే సబ్బుతో కడుక్కో. ఇంకోసారి అలాగే చెయ్. వేడినీళ్ళు వద్దు, మంట లేస్తుంది. అప్పటికీ చురచురమంటుంటే చల్లటి పెరుగులో చేతులు పెట్టుకుని కాసేపు కూర్చో. పొద్దున పనిలో కూర్చోబోయే ముందు కూడా వేళ్ళకి కొబ్బరినూనె రాసుకో, గోళ్ళు పొట్టిగా ఉంచుకో. గ్లౌజులు నేనూ వేసి చూశాను, లోపల చెమట, ముచ్చిక చేతికి అందదు, కిలోల లెక్కన తీసేవాళ్ళకి అవి కుదరవు.

ఇంకోటి, మొదటి వారమే తేజకి ఒప్పుకోకు. బాడిగ రకం కాయ వస్తే చెప్పమని మేస్త్రిని అడుగు, దాని రంగు ఎక్కువే గానీ మంట తక్కువ. కూర్చోడానికి పీట పట్టుకెళ్ళు, ఆపరేషన్ అయిన నడుము కింద కూర్చుంటే సాయంత్రానికి లేవదు.

వంటంటావా, పిండి పిసికే పని సాయంత్రం పెట్టుకోకు. పొద్దున్నే బెండకాయ పులుసో వంకాయ పులుసో చింతపండు చిక్కగా వేసి పెట్టెయ్, రాత్రికి కూడా బాగుంటుంది. పప్పు మాత్రం ఎండాకాలంలో మధ్యాహ్నం దాటితే నమ్మలేం. గోంగూర పచ్చడి, కందిపొడి ఎలాగూ ఉంటాయి. నేనైతే సీజన్ మొత్తం రాత్రిపూట ఒక పులుసు, ఒక పొడి, మజ్జిగ, అంతే. ఎవరూ చిక్కిపోలేదు.

పొయ్యిగట్టు:

అన్నం కూడా పొద్దున్నే రెండు పూటలకీ కలిపి వండేసుకోండి, గ్యాస్ కలిసొస్తుంది. మేమలాగే చేస్తాం.

ఏటుకూరు రోడ్డు అక్క:

ఫ్రిజ్‌లో పెడితే సరే, గంటా గంటన్నరలోపు పెట్టాలి. గట్టు మీద వదిలేసి రాత్రికి వేడి చేస్తే సరిపోతుందనుకోవద్దు, మన గుంటూరు ఎండకి అన్నంలో పుట్టే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. మా ఇంట్లో ఒకసారి నలుగురం రాత్రంతా వాంతులు.

నైట్ డ్యూటీ:

చెల్లెమ్మా, నేను కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌ని, మా ఆవిడ కూడా ముచ్చికలకే వెళ్తుంది, సాయంత్రం వంట నాది. మీరు అంతా రాశారు గానీ మీ ఆయన ఏం చేస్తాడో రాయలేదు. ఆటో కాబట్టి ఆయన టైమ్ ఆయన చేతిలోనే ఉంటుంది, ఆరింటికి ఇంటికొచ్చి కుక్కర్ పెట్టడానికి ఏం అడ్డం? మొదట్లో నాకూ రాలేదు. కందిపప్పులో చింతపండు ముందే వేసేసి ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకట్లేదని కుక్కర్‌ని తిట్టాను. పులుపు పడితే పప్పు ఉడకదని మా ఆవిడ వచ్చాక చెప్పింది, ఆ రోజు రాళ్ళ పప్పే తిన్నాం. వారం తిప్పలు పడితే ఎవరికైనా వస్తుంది. కారం అంటని చేతులు ఇంట్లో ఉండగా మీరెందుకు అన్నం వార్చాలి?

ప్రత్తిపాడు బస్సు:

అత్తయ్యగారి సంగతి తేలిగ్గా తీసుకోకండి. మా అమ్మకీ షుగరే. నేను రావడం లేటైన రోజు టైమ్ అయిందని మాత్ర వేసేసుకుని ఏమీ తినకుండా కూర్చుంది, ఒళ్ళంతా చెమటలు, మాట తడబడింది, పక్కింటావిడ పంచదార నీళ్ళు తాగించాక గానీ తేరుకోలేదు. అందుకని ఆవిడ వరకు రాత్రికి తినేది పొద్దునే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, తిన్నాకే మాత్ర అని పిల్లలకి కూడా చెప్పండి. మరీ లేటైతే అన్న క్యాంటీన్‌లో రాత్రి కూడా 5 రూపాయలకే భోజనం పెడతారు, పిల్లల్ని తీసుకుని వాళ్ళ నాన్నని వెళ్ళమనండి, అందులో నామోషీ ఏం లేదు. నేను రోజూ పల్లెవెలుగులో వస్తాను, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి టికెట్ లేదు కాబట్టి ఆ మిగిలిన డబ్బులతో వారానికి రెండు రోజులు కర్రీ పాయింట్‌లో కూర కొంటున్నా. మా ఆయనకి తెలీదు, నేనే వండాననుకుంటాడు.

చుట్టుగుంట కోడలు:

అందరికీ థాంక్స్. నూనె పద్ధతి నిన్న చేసి చూశాను, రెండోసారి కడిగేసరికి చాలావరకు తగ్గింది, గోళ్ళ దగ్గర కొంచెం ఉంది. నైట్ డ్యూటీ అన్న రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. పలకలేదు. కానీ ఇవాళ ఆరింటికి వచ్చి బియ్యం ఎన్ని గ్లాసులో అడిగాడు, నీళ్ళు ఎక్కువై అన్నం జావైంది, అత్తయ్య మాత్రం మెత్తగా బాగుందని ఇంకాస్త వేయించుకుంది. మేస్త్రి సోమవారం రమ్మన్నాడు, బాడిగే అంటున్నాడు, వెళ్తే గానీ తెలీదు. ఒక్క డౌటు, ఆ నూనె తుడిచిన గుడ్డ మామూలు బట్టల్తో కలిపి నానబెట్టొచ్చా?

ఏటుకూరు రోడ్డు అక్క:

వద్దు తల్లీ, విడిగా ఉతుకు. పని చీర కూడా. నేను ఒకసారి మా ఆయన బనియన్లతో కలిపి నానబెట్టాను.

నైట్ డ్యూటీ:

పాపం బావగారు.