ఎంట్రీ ఫీజుతో జరిగే గేమింగ్ పోటీలో గెలిచిన బహుమతి జూదపు సొమ్మా?

ప్రశ్న:

అస్సలాము అలైకుమ్. మా తమ్ముడు నలుగురు స్నేహితులతో జట్టు కట్టి కంప్యూటర్ గేమింగ్ పోటీలలో ఆడుతుంటాడు. ఇప్పటివరకు ప్రవేశం ఉచితమైన వాటిలోనే ఆడాడు. ఇప్పుడు చేరాలనుకుంటున్న పోటీలో మాత్రం ప్రతి జట్టూ ఫీజు కట్టాలి. వసూలైన మొత్తంలో నిర్వాహకులు తమ ఖర్చులు మినహాయించుకుని, మిగిలినది మొదటి మూడు జట్లకు పంచుతారు. నాకు ఇది జూదంలాగే కనిపిస్తోంది. వాడేమో "అదృష్టం మీద ఆధారపడేది జూదం, మేము రోజుకు ఆరు గంటలు సాధన చేస్తున్నాం" అంటాడు. ఆధారాలతో వివరించగలరు.

మొదటి సభ్యుడు:

వ అలైకుముస్సలామ్. మీ తమ్ముడి మాటలో బలముంది. ఖుర్ఆన్ నిషేధించిన 'మైసిర్' అసలు ఏమిటో చూడండి. ఇస్లాంకు ముందటి అజ్ఞాన కాలపు అరబ్బులు ఒక ఒంటెను కోసి, పది బాణాలను సంచిలో వేసి తీసేవారు. వాటిలో ఏడింటికి వాటాలుండేవి, మూడు ఖాళీవి. ఖాళీ బాణం ఎవరి పేరున వస్తే ఒంటె ఖరీదు వారి మీద పడేది. అందులో నైపుణ్యమన్నదే లేదు. అల్ మాయిదా సూరా 90వ ఆయతు మైసిర్‌ను జోస్యపు బాణాల సరసన పేర్కొనడంలో ఔచిత్యం కూడా ఇదే అనుకుంటాను. ఇక ఫీజు అంటారా, పరీక్షకూ ఫీజు కడతాం కదా! దైవప్రవక్త (స) రుకానా అనే మల్లుడితో గొర్రెలు పందెంగా కుస్తీ పట్టి గెలిచినట్లు ఉల్లేఖనం ఉన్నప్పుడు, నైపుణ్యంతో గెలిచినదాన్ని హరామ్ అనడానికి మనం తొందరపడకూడదు.

రెండవ సభ్యుడు:

పై సోదరుడితో గౌరవపూర్వకంగా విభేదిస్తున్నాను. నైపుణ్యమా, అదృష్టమా అన్నది న్యాయస్థానాలు వేసే ప్రశ్న; మనకు అది అక్కడి నుంచే అలవాటైంది. ఫిఖ్హ్ (ఇస్లామీయ ధర్మశాస్త్ర) పండితులు మొదట అడిగేది వేరు: సొమ్ము ఎవరిది, ఓడినవాడు ఏమి పోగొట్టుకుంటాడు? గుర్రపు పందేన్నే తీసుకోండి. అది రౌతు నేర్పు, గుర్రం సత్తువ తేల్చే పోటీ, పైగా షరీఅత్ ప్రోత్సహించిన పోటీ. అయినా ఇద్దరు రౌతులూ చెరికొంత సొమ్ము పెట్టి గెలిచినవాడు మొత్తం తీసుకుంటే అది జూదమేనని అధిక సంఖ్యాక పండితులు అన్నారు. దాన్ని ధర్మబద్ధం చేయడానికి, పైసా పెట్టకుండా పాల్గొనే మూడవ రౌతు ఉండాలని షరతు పెట్టి, అతనికి 'ముహల్లిల్' అని పేరు పెట్టారు. నైపుణ్యం ఒక్కటే చాలేటట్లయితే ఆ మూడవవాడితో పనేమిటి? ఈ ప్రశ్నకు మీ వాదనలో జవాబు లేదు.

చదరంగం సంగతీ అంతే. అందులో పాచికలు లేవు, చీట్లు లేవు. పందెం లేని చదరంగాన్ని అయిష్టమైనదిగా మాత్రమే ఎంచిన ఇమామ్ షాఫియీ మార్గపు పండితులు సైతం, పందెం కాస్తే హరామే అన్నారు.

పరీక్ష ఫీజు పోలిక కూడా కుదరదు. ఉత్తీర్ణుడైన విద్యార్థి తప్పినవాడి ఫీజును ఇంటికి తీసుకుపోడు.

మొదటి సభ్యుడు:

ముహల్లిల్ విషయం సరే, ఒప్పుకుంటున్నాను. కానీ మధ్యయుగపు ప్రముఖ పండితుడు ఇబ్ను తైమియా, ఆయన శిష్యుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ ఆ షరతు అవసరం లేదన్నారని మీరు చెప్పలేదు. రుకానా ఉల్లేఖనానికీ జవాబివ్వలేదు. పర్షియన్ల మీద రోమ్ ప్రజలు మళ్లీ గెలుస్తారని ప్రవక్త సహచరుడు హజ్రత్ అబూ బక్ర్ (రజి) ఖురైషీయులతో పందెం కాసిన సంగతి కూడా ఉంది.

రెండవ సభ్యుడు:

చెప్పకపోవడం నా పొరపాటే. అయితే వారిద్దరూ ఆ షరతును తీసివేసింది బహుమతికి అనుమతి ఉన్న పోటీల వరకే. "ఒంటె, గుర్రం, బాణం, వీటిలో తప్ప పందెపు బహుమతి లేదు" అన్న ప్రవక్త (స) హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. ధర్మానికి బలం చేకూర్చే పోటీలలో బహుమతి ఉండవచ్చని, కేవలం వినోదం కోసమైన ధర్మసమ్మత క్రీడలను బహుమతి లేకుండా ఆడుకోవచ్చని ఇబ్నుల్ ఖయ్యిమ్ విభజించారు. రుకానా కుస్తీనీ, అబూ బక్ర్ (రజి) పందేన్నీ ఆయన మొదటి కోవలోనే, అంటే సత్యధర్మాన్ని రుజువు చేసే సందర్భాలుగానే చూశారు. దైవప్రవక్త (స) రుకానాకు గొర్రెలను తిరిగి ఇచ్చేశారని కూడా ఉల్లేఖనం ఉంది. అబూ బక్ర్ (రజి) పందెమైతే నిషేధం రాకముందు జరిగిందని తిర్మిజీ ఉల్లేఖనంలోనే ఉంది. వీటిని తెర మీద తుపాకులు పేల్చే ఆటకు ఆధారంగా తీసుకురావడం నాకు చాలా దూరాన్వయంగా తోస్తోంది.

మూడవ సభ్యుడు:

మీ ఇద్దరి చర్చలో ఒక చిక్కు మిగిలిపోయింది. ఆటగాళ్లు ఏమీ కట్టకుండా, బయటి సంస్థ బహుమతి ఇస్తే ఏమిటి? అక్కడ ఎవరూ నష్టపోరు కాబట్టి జూదం అనే నింద తొలగిపోతుంది. అయినా పై హదీసును అక్షరాలా తీసుకున్నవారు అప్పుడు కూడా బహుమతిని మూడు పోటీలకే పరిమితం చేస్తారు. సమకాలీన పండితులలో కొందరు, ఆట ధర్మసమ్మతమైనదైతే దాన్ని ఒక పనికి ప్రకటించిన పారితోషికంలా చూసి అనుమతిస్తారు. నా మొగ్గు రెండవ పక్షానికే. 2024లో రియాద్‌లో 6 కోట్ల డాలర్లకు పైగా బహుమతులతో ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్ జరిగింది కదా అని కొందరంటారు గాని, ఒక దేశంలో జరగడం ఫత్వా కాజాలదు.

బయటి సొమ్ము అంటే ఏమిటో కూడా చూడాలి. 2021లో డోటా 2 అనే కంప్యూటర్ ఆట 'ఇంటర్నేషనల్' పోటీ బహుమతి మొత్తం 4 కోట్ల డాలర్లు దాటింది. అందులో ఆటను తయారుచేసిన సంస్థ స్వయంగా పెట్టింది 16 లక్షల డాలర్లే. మిగిలినది అభిమానులు కొన్న బ్యాటిల్ పాస్ (ఆటలోని అదనపు వస్తువులిచ్చే టికెట్టు) అమ్మకాలలో నాలుగవ వంతు. కొన్నవారు పోటీదారులు కారు, తమ డబ్బుకు ఆటలోని వస్తువులు పొందారు, కనుక అది పోటీదారుల ఫీజులతో పోగైన సొమ్ము కాదు. అయితే లోపల ఏముందో తెరిచాక గాని తెలియని పెట్టెలను డబ్బుకు అమ్మడం వేరే వ్యవహారం. ఇటువంటి పెట్టెలను 2018లో బెల్జియం అధికారులు జూదంగా తేల్చారు. మన ఫిఖ్హ్‌లో 'గరర్' అనే అనిశ్చితి బేరానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ప్రశ్న అడిగినవారు:

జజాకల్లాహు ఖైరన్. జవాబులన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. వాడు వెంటనే ఇంకో దారి వెతికాడు: జట్టు ఫీజును వేరెవరైనా కడితే తాను ముహల్లిల్ అవుతాడు కదా, అప్పుడు గెలిచినది తీసుకోవచ్చా అని.

రెండవ సభ్యుడు:

తెలివైన ప్రశ్నే, మదరసాలో కూర్చోబెట్టవలసిన కుర్రవాడు! కానీ ముహల్లిల్ సౌకర్యం కూడా బహుమతికి అనుమతి ఉన్న పోటీలకే. ఇక్కడ మిగతా జట్లన్నీ ఫీజు కట్టాయి కనుక మీ తమ్ముడి చేతికి వచ్చేది ఓడినవారి సొమ్మే. ఫీజు లేని పోటీలకే వెళ్లమనండి. అక్కడ మూడవ సోదరుడు ఎంచుకున్న అభిప్రాయమైనా వాడికి ఆసరాగా ఉంటుంది.