మౌనం అర్ధాంగీకారమేనా? ఈ-వాణిజ్య ప్రమాణాల్లో ప్రక్రియ నమూనా ఉండాలా, వద్దా

తూనికరాయి:
తయారీదారులకూ వాళ్ల సరఫరాదారులకూ మధ్య ఆర్డర్లు, ఇన్‌వాయిస్‌లు మనిషి చెయ్యి పడకుండా కంప్యూటర్ల మధ్యే నడిచేలా ఏర్పాటు చేయడం నా ఉద్యోగం. అందులో ఎప్పటికీ తెగని తగవు ఒకటుంది. అందరూ పాటించే ఉమ్మడి ప్రమాణం పత్రాల రూపం వరకు చెప్పి ఊరుకోవాలా? లేక ఏ పత్రానికి ఎవరు, ఎంత గడువులో బదులివ్వాలి, ఇవ్వకపోతే ఏమవుతుంది అనే వ్యాపార ప్రక్రియను కూడా నమూనాగా గీసి అందులోనే చేర్చాలా? చేర్చాలనే నేనంటాను.

ఈ మధ్య చూసిన ఉదంతం చెబుతాను. కొనుగోలుదారు సర్వరు ఆర్డరు పంపింది. అవతలి నుంచి "అందింది" అని జవాబు వచ్చింది. కొనేవాళ్లు దాన్ని ఒప్పుకోలు అనుకుని ఉత్పత్తికి తేదీలు వేసుకున్నారు. అమ్మేవాళ్ల లెక్కలో అది ఉత్త రసీదు. ధర పాతదని ఆర్డరును పక్కన పెట్టేశారు. ఫైలులో ఒక్క తప్పు లేదు, స్కీమా, అంటే పత్రంలో ఏ గడి ఎలా ఉండాలో చెప్పే నమూనా, పెట్టే పరీక్షలన్నీ నెగ్గింది. సరుకు మాత్రం రాలేదు. 1998లో ఎలక్ట్రానిక్స్ కంపెనీలు కలిసి పెట్టుకున్న రోజెటానెట్ ప్రమాణాల్లో ఈ గొడవకు తావు లేదు. వాటిలో ఆర్డర్లకు సంబంధించిన 3ఏ4 ప్రక్రియలో ఆర్డరు అందినట్టు రసీదుకు 2 గంటలు, అసలు జవాబుకు 24 గంటలు అని విడివిడిగా రాసి ఉంటుంది.

ఎడ్లబండి:
రాసి ఉంటుంది, నిజమే. రాసినవన్నీ నడిచాయా? ఐక్యరాజ్యసమితి వాణిజ్య సంస్థ యూఎన్ సీఫాక్ట్, ప్రమాణాలు తయారుచేసే ఒయాసిస్ కలిసి 1999 చివర ఈబీఎక్స్‌ఎంఎల్ అనే ఈ-వాణిజ్య ప్రమాణాల పని మొదలుపెట్టాయి. 18 నెలలు శ్రమించి 2001 మేలో ప్రక్రియ వివరణ, భాగస్వాముల ఒప్పంద పత్రం, రిజిస్ట్రీ, సందేశ రవాణా అన్నీ ఒకేసారి బయటపెట్టాయి. అందులో ఇవాళ బతికి బట్టకట్టింది ఏది? సందేశ రవాణా. అదే ఏఎస్4 రూపంలో యూరప్ పెప్పోల్ నెట్‌వర్కులో ఇన్‌వాయిస్‌లు మోస్తోంది. ప్రక్రియ వివరణకు 2006లో మళ్లీ ప్రమాణ హోదా ఇచ్చారు, అయినా వాడుకలో దాని జాడ వెతుక్కోవాలి. అదే ఆర్డరు, ఇన్‌వాయిస్ లాంటి పత్రాల రూపం చెప్పే ఒయాసిస్ ప్రమాణం యూబీఎల్‌ను చూడండి. పత్రాలు మాత్రమే కట్టుబాటు, అందులోని ప్రక్రియ చిత్రాలు వివరణ కోసమే. అది 2015లో ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. ఎవరి ఇంటి వ్యవహారం వాళ్లది, వీధి వరకే నియమాలు చాలు.

తూనికరాయి:
ఎడ్లబండి గారూ, పెప్పోల్ పేరు మీరే ఎత్తారు కాబట్టి అక్కడి బిల్లింగ్ ఇన్‌వాయిస్ ఒకటి తెరిచి చూడండి. సంఖ్య, తేదీ కంటే పైనే ప్రొఫైల్ ఐడీ అని ఒక గడి ఉంటుంది. అది ఈ ఇన్‌వాయిస్ ఏ ప్రక్రియకు చెందినదో చెప్పే గుర్తు. పెప్పోల్‌లో దాన్ని ఖాళీగా వదలడానికి వీల్లేదు. ముందు గుమ్మంలోంచి గెంటేసిన ప్రక్రియే పెరటి దారిన వచ్చి ఇన్‌వాయిస్‌లో మొదటి వరుసల్లో కూర్చుంది.

పద్దులమ్మ:
నాది అకౌంట్స్ పని. మీ సంస్థల పేర్లు నాకు తెలియవు కానీ ఈ తగవు జీఎస్టీలో రోజూ చూస్తున్నదే. ఈ-ఇన్‌వాయిస్ 2020 అక్టోబరు 1న 500 కోట్లు దాటిన టర్నోవరు వాళ్లతో మొదలై 2023 ఆగస్టుకు 5 కోట్ల దాకా దిగింది. రద్దు చేయాలంటే పోర్టల్‌లో 24 గంటలే గడువు, అదీ మొత్తం ఇన్‌వాయిస్‌నే. ఒక వరుస తీసేస్తానంటే కుదరదు. గడువు దాటితే అక్కడ రద్దు కుదరదు. ఇదంతా అమ్మేవాడికీ పోర్టల్‌కూ మధ్య సంభాషణ. కొన్నవాడి మాటకు అక్కడ చోటేది? 2024 అక్టోబరులో జీఎస్టీ పోర్టల్‌లో ఐఎంఎస్ (ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) వచ్చాకే అంగీకరించు, తిరస్కరించు, పెండింగ్ అనే మూడు మీటలు కొన్నవాడి చేతికొచ్చాయి. ఏదీ నొక్కకపోతే అంగీకరించినట్టే. మౌనం అర్ధాంగీకారం అంటారు, ఇక్కడ పూర్తి అంగీకారమే. ఏదీ నొక్కకుండా నిద్రపోయే క్లయింట్లను లేపలేక చస్తున్నాం, అది వేరే కథ.

తూనికరాయి:
నేను చెప్పబోయిందీ అదే. ఏ స్కీమాలోనూ మౌనానికి గడి ఉండదు. జవాబు రాకపోవడానికి అర్థమేమిటో చెప్పగలిగేది ప్రక్రియ నమూనా ఒక్కటే.

కోడూరి కోడ్:
వేర్వేరు యాప్‌ల కొనుగోలుదారులనూ అమ్మకందారులనూ కలిపే ప్రభుత్వ ప్రోత్సాహిత నెట్‌వర్కు ఓఎన్‌డీసీ పని చేస్తున్న ప్రోగ్రామరుని. దాని కింద నడిచే బెక్న్ ప్రోటోకాల్‌లో సెర్చ్, సెలెక్ట్, ఇనిట్, కన్‌ఫర్మ్ అని వరుస ఉంది. కన్‌ఫర్మ్ పంపగానే వచ్చే "అక్" అనే జవాబు రసీదు మాత్రమే. అసలు జవాబు తర్వాత ఆన్ కన్‌ఫర్మ్ అనే వేరే సందేశంగా వస్తుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు అక్ రాగానే తెర మీద "ఆర్డరు ఖాయం" అని చూపించేస్తారు. ప్రమాణంలో స్పష్టంగా ఉంది కాబట్టి తప్పు ఎవరిదో తేల్చడానికి అయిదు నిమిషాలు చాలు. కొనుగోలు వరుస గీయడం సులువు. రద్దు, వాపసు దగ్గరికి వచ్చేసరికి ఎన్ని బాణాలు గీసినా ఇంకొకటి మిగిలే ఉంటుంది.

ఎడ్లబండి:
ఆ చివరి వాక్యమే నా భయం. ప్రతి దారీ గీయబోతే ప్రమాణం వేయి పుటలవుతుంది, దాన్ని అమలు చేయగలిగేది పెద్ద కంపెనీలే. ఎక్సెల్‌లో బిల్లు కొట్టి పీడీఎఫ్ పంపే చిన్న సరఫరాదారు ఏమైపోవాలి? 24 గంటల్లో జవాబివ్వకపోతే ఆర్డరు పోయినట్టేనని పెద్ద కొనుగోలుదారు రాయించుకుంటే అడిగేదెవరు?

పద్దులమ్మ:
చిన్నవాడిని కాపాడేది కూడా గడువే కదండీ. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టంలో ఏముంది? సరుకు చేరాక 15 రోజుల్లో కొన్నవాడు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, చేరిన రోజే అంగీకరించినట్టు. డబ్బు చెల్లించే గడువు అక్కడి నుంచే లెక్క, ఎంత ఒప్పందం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. ఆ వాక్యమే లేకపోతే "ఇంకా పరిశీలిస్తున్నాం" అంటూ ఏడాది లాగేవారు.

తూనికరాయి:
ఎడ్లబండి గారి భయాన్ని నేను కొట్టిపారేయను. ఈబీఎక్స్‌ఎంఎల్ నడుం విరిగింది బరువు వల్లనే: ఏ పరిశ్రమకైనా పనికొచ్చే భాష ఒకటి కనిపెట్టి, దాంట్లో అందరూ తమ ప్రక్రియలు రాసుకోవాలని ఆశపడ్డారు. నేనడిగేది అంత లేదు. కంపెనీ లోపల ఎవరు సంతకం పెడతారో, ఎన్ని బల్లలు దాటుతుందో నాకు అక్కర్లేదు. ఇద్దరి మధ్య గీత దాటే సందేశాలు మాత్రమే. ఒక్కోదానికి రసీదా, ఒప్పుకోలా, గడువెంత, గడిస్తే ఏమిటి. ఆర్డరు, ఆర్డరు మార్పు, రవాణా, ఇన్‌వాయిస్, వాపసు: ఈ అయిదింటికీ ఒక పుట చాలు.

ఎడ్లబండి:
ఒక పుటే అయితే ఒప్పుకుంటాను. కానీ ఆ పుటలో గడువు ఎవరి గడియారం ప్రకారమో కూడా రాయండి. శుక్రవారం సాయంత్రం పంపి సోమవారం పొద్దున్నే "గడువు దాటింది" అనేవాళ్లను చాలామందిని చూశాను.

కోడూరి కోడ్:
పంపిన సర్వరు గడియారమే తీసుకోవాలి. అక్కడే లాగ్ ఉంటుంది.

తూనికరాయి:
కాదు, అందుకున్న వైపుది. 2000 నాటి ఐటీ చట్టం 13వ సెక్షన్ ప్రకారం, అందుకునేవారు ఫలానా కంప్యూటర్‌కు పంపమని ముందే చెప్పి ఉంటే, సందేశం అందులోకి చేరిన క్షణమే అందినట్టు. దాని ముందరి 12వ సెక్షన్ కూడా మనకు పనికొస్తుంది. రసీదు వస్తేనే నా సందేశం చెల్లుతుందని పంపినవారు షరతు పెట్టి ఉంటే, రసీదు రానంతవరకు అసలు పంపనట్టే లెక్క. శని, ఆదివారాల సంగతి మాత్రం చట్టం మనకే వదిలేసింది. పనిదినాలనే రాద్దాం, సెలవుల పట్టిక అమ్మేవారి ఊరిది.

ఎడ్లబండి:
కొనేవారి ఊరిది ఎందుకు కాకూడదు?