రియాలిటీ షో పేరుతో రగ్బీ లీగ్ మీడియాలో పని దొరుకుతుందా?

రుషికుల్య (బరంపురం):

పర్లాకిమిడి అమ్మాయి ఒకరు ఈమధ్య ఒక తెలుగు రియాలిటీ షోలో తొమ్మిది వారాలు ఉండి బయటికొచ్చారు. ఆమె పనులు చూసిపెట్టే బాధ్యత నాది. షాపు ప్రారంభాలు, చీరల ప్రమోషన్లు వస్తూనే ఉన్నాయి, ఇంకో ఆరు నెలలు వస్తాయేమో. ఆమె మనసు మాత్రం రగ్బీ లీగ్ మీదుంది. భువనేశ్వర్‌లో చదివేటప్పుడు నాలుగేళ్ళు సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే రగ్బీ) ఆడారు. తెలుగు, ఒడియా, హిందీ ధారాళంగా వచ్చు, ఇంగ్లీషు పరవాలేదు. ఆస్ట్రేలియా ఎన్‌ఆర్‌ఎల్ గానీ ఇంగ్లండ్ సూపర్ లీగ్ గానీ, ఆ ఆట చుట్టూ ఉండే మీడియాలో ఆమెకి చోటుందా? ఉంటే ఏ పని, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ఆట తెలిసినవాళ్ళు చెప్పండి. "కష్టపడితే అన్నీ వస్తాయి" లాంటి మాటలు వద్దు, దయచేసి.

ఆరో_పట్టు (రాయగడ):

ముందు ఒక మెలిక విప్పాలండీ. ఆమె ఆడిన సెవెన్స్ రగ్బీ యూనియన్ కుటుంబంలోది. రగ్బీ లీగ్ వేరే ఆట. ఇక్కడ 'లీగ్' అంటే టోర్నమెంట్ కాదు, ఆట పేరే అది. గనుల్లో, మిల్లుల్లో పని మానుకుని ఆడేవాళ్ళకి పోయిన కూలి ఇవ్వాలా వద్దా అన్న తగవు మీద ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో విడిపోయాయి. నిబంధనలు ఆ తర్వాత దూరమయ్యాయి. మన దేశంలో పోటీలు నడిపే రగ్బీ ఇండియా చూసేది యూనియన్, సెవెన్స్. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్ పేరు చివర లీగ్ ఉన్నా, హైదరాబాద్ హీరోస్ అందులో ఆడినా, అది సెవెన్స్. సిడ్నీకి రాసే మెయిల్లో ఈ రెండూ కలిపేస్తే మొదటి వాక్యంతోనే పని అయిపోతుంది.

ఇక అవకాశాలు. టీవీ ప్యానెల్ కుర్చీ మీద ఇప్పుడే ఆశ పెట్టుకోవద్దు. ఫాక్స్ లీగ్, చానల్ నైన్ కుర్చీల్లో కూర్చునేది మాజీ ఆటగాళ్ళు, న్యూస్‌రూముల్లో ఏళ్ళు పనిచేసిన విలేకరులు. రియాలిటీ టీవీకీ ఈ ఆటకీ మధ్య దారి ఉంది, కానీ జనం ఎక్కువగా ఆట నుంచి టీవీకి వెళ్తారు. బో ర్యాన్ వెస్ట్స్ టైగర్స్, క్రోనల్లా జట్లకి వింగర్‌గా ఆడి, మెడ గాయంతో 2014లో ఆట ఆపేసి, ఫుటీ షో అనే టీవీ కార్యక్రమంలో నవ్వించి, 2019 నుంచి అమేజింగ్ రేస్ ఆస్ట్రేలియా అనే రియాలిటీ షో నడిపాడు. ఇంగ్లండ్ క్లబ్బు కాసిల్‌ఫర్డ్‌కి హుకర్ అనే స్థానంలో ఆడిన జాక్ ఓనీల్ 2022లో లవ్ ఐలండ్ రియాలిటీ షోకి వెళ్ళి, తర్వాత మళ్ళీ కాసిల్‌ఫర్డ్‌కే తిరిగొచ్చాడు. ఇద్దరికీ ముందున్నది ఆట, తర్వాత వచ్చింది షో. మీ అమ్మాయిది తిరగేసిన దారి కాబట్టి షో పేరు ముందు పెట్టి అడిగితే, అక్కడ ఆ షో చూసినవాళ్ళు ఎవరూ ఉండరు.

అందుకే అడగాల్సింది వేరే చోట. 2021 జనగణనలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఆస్ట్రేలియాలో 59 వేల పైచిలుకు. సిడ్నీ మనవాళ్ళలో చాలామంది ఉండేది పశ్చిమాన: పరమటా, హారిస్ పార్క్, వెంట్‌వర్త్‌విల్ వైపు. సరిగ్గా అక్కడే ఎన్‌ఆర్‌ఎల్ క్లబ్బు పరమటా ఈల్స్ సొంత మైదానం, 2019లో తెరిచిన 30 వేల సీట్ల స్టేడియం ఉంది. ఇంటికి అంత దగ్గర్లో మ్యాచ్ జరుగుతున్నా ఆట అర్థంకాక టికెట్టు కొనని కుటుంబాలు ఉన్నాయి. ఆ కుటుంబాన్ని గేటు దాకా తీసుకురాగలిగిన గొంతు క్లబ్బుకి పనికొస్తుంది. అక్కడ పలు భాషల్లో ప్రసారం చేసే ఎస్‌బీఎస్‌కి తెలుగు విభాగం కూడా ఉంది. ఎన్‌ఆర్‌ఎల్‌లో జట్లు కూడా పెరుగుతున్నాయి: 2027లో పెర్త్ బేర్స్, 2028లో పాపువా న్యూగినీ జట్టు చేరతాయి. పెర్త్ మనకంటే రెండున్నర గంటలే ముందు. అక్కడ సాయంత్రం మ్యాచ్ అయితే మనకు మధ్యాహ్నం టీ వేళ.

తయారీ సంగతి. ఇదే అసలు పని, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను.

జెర్సీ అంకెలు నిద్రలో లేపి అడిగినా రావాలి. 1 ఫుల్‌బ్యాక్, 2, 5 వింగర్లు, 3, 4 సెంటర్లు, 6 ఫైవ్-ఎయిత్, 7 హాఫ్‌బ్యాక్, 8, 10 ప్రాప్‌లు, 9 హుకర్, 11, 12 సెకండ్ రో, 13 లాక్. ఇంగ్లండ్ వెళ్తే 6ని స్టాండ్-ఆఫ్ అంటారు, 7ని స్క్రమ్ హాఫ్, 13ని లూస్ ఫార్వర్డ్. ఏ దేశం వాళ్ళకి మాట్లాడుతుంటే ఆ దేశం పేరే వాడాలి. యూనియన్‌లో 1వ నంబరు ప్రాప్, 15వ నంబరు ఫుల్‌బ్యాక్. సెవెన్స్ నుంచి వచ్చినవాళ్ళు తడబడేది ఇక్కడే.

లెక్కలు: జట్టుకి 13 మంది, 80 నిమిషాలు. బంతిని అవతలి గీత దాటించి నేలకి తాకిస్తే ట్రై, దానికి 4, ట్రై తర్వాత తన్నే కన్వర్షన్‌కి 2, పెనాల్టీ గోల్‌కి 2, ఆట నడుస్తుండగా తన్నే ఫీల్డ్ గోల్‌కి 1. ఎన్‌ఆర్‌ఎల్‌లో 2021 నుంచి 40 మీటర్లు దాటి కొడితే ఫీల్డ్ గోల్‌కి 2. సెవెన్స్ అలవాటులో ట్రైకి 5 అని నోరు జారుతుంది, అలా ఒక్కసారి జారితే ప్రేక్షకుడు ఇక నమ్మడు. యూనియన్‌లో బంతి బయటికెళ్తే మళ్ళీ విసిరి అందుకునే లైనౌట్ ఇక్కడ లేదు. పడిన ఆటగాడు లేచి బంతిని కాలితో వెనక్కి నెడతాడు, డిఫెన్స్ 10 మీటర్లు వెనక్కి వెళ్ళాలి. ట్యాకిల్ అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడం. ఆరు ట్యాకిళ్ళలోపు ఏదో ఒకటి తేల్చాలి, లేదంటే బంతి అవతలివాళ్ళది. అందుకే ఐదో ట్యాకిల్ తర్వాత సాధారణంగా తంతారు. ఆ ఐదోదానికి గొంతు లేవకపోతే ఆట తెలియదని అర్థం. 2020లో వచ్చిన 'సిక్స్ అగైన్' చాలామందికి కొరుకుడు పడదు: కొన్ని తప్పులకి పెనాల్టీ బదులు ట్యాకిళ్ళ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది, ఆట ఆగదు. మాట్లాడేవాడు రిఫరీ చేతిని చూడకపోతే లెక్క తప్పిపోతాడు.

సాధనకి వారానికి రెండు మ్యాచ్‌లు చాలు. మన దేశం నుంచి వాచ్ ఎన్‌ఆర్‌ఎల్ చందాతో, ఇంగ్లండువి సూపర్ లీగ్ ప్లస్‌తో చూడొచ్చు. మొదటిసారి శబ్దంతో, రెండోసారి శబ్దం తీసేసి పది నిమిషాలు తనే చెప్పి రికార్డు చేయాలి. ఏ4 కాగితం అడ్డంగా పెట్టి రెండు జట్లనీ మైదానంలో నిలబడే వరసలో రాసుకుని, ప్రతి పేరు కింద ఒక్క ముక్క సమాచారం. రెండు ముక్కలు రాస్తే చదవడానికి టైముండదు.

వేళలు: సిడ్నీ రాత్రి 8 అంటే మనకి మధ్యాహ్నం 3:30, అక్కడ గడియారం ముందుకు జరిపిన నెలల్లో 2:30. ఏప్రిల్ మొదటి ఆదివారం, అక్టోబర్ మొదటి ఆదివారం మారుతుంది. గ్రాండ్ ఫైనల్ మామూలుగా ఆ అక్టోబర్ ఆదివారమే పడుతుంది, లైవ్ పెట్టేవాళ్ళు గంట తేడాతో దెబ్బతినేది ఆ రోజే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

పైన చెప్పినదంతా నిజం. భాష గురించి మాత్రం ఎవరూ ఆలోచించడం లేదు, నాకు తెలిసి ఆమెకి తలుపు తెరిచేది అదే.

'ట్రై' అన్న మాటే తీసుకోండి. తెలుగులో "ట్రై చేశాడు" అంటే ప్రయత్నించాడు, కుదరలేదు అని వినబడుతుంది. మ్యాచ్‌లో అదే అతిపెద్ద సంబరం! "ట్రై పడింది", "ట్రై కొట్టాడు" అనాలి, "ట్రై చేశాడు" అని ఒక్కసారి కూడా అనకూడదు. ఆరు ట్యాకిళ్ళ వరసని అనే 'సెట్' కూడా అంతే, "సెట్టయింది" అన్న వాడుక గుర్తొస్తుంది. "మొదటి ఆరు", "ఈ ఆరులో మూడోది" అంటే తేలిగ్గా అందుతుంది. ట్యాకిల్‌కి చెడుగుడులో మనకున్న 'పట్టు' సరిపోతుంది: "నాలుగో పట్టు, ఇంకా ముప్ఫై మీటర్లు." నాక్-ఆన్‌కి "చేజారి ముందుకు పడింది". స్క్రమ్ (రెండు జట్లూ గుంపుగా తలపడి ఆట మళ్ళీ మొదలుపెట్టడం), బంకర్ (వీడియో చూసి తీర్పు చెప్పే గది), సిన్ బిన్ అలాగే ఉంచండి. వాటికి తెలుగు చేయబోతే ఆట పోయి వ్యాకరణం మిగులుతుంది. సిన్ బిన్‌కి ఒకసారి "పది నిమిషాలు బయట" అని చెప్తే చాలు.

ఇంకో సంగతి. ఎన్‌ఆర్‌ఎల్ ఆటగాళ్ళలో సగానికి దగ్గరగా పసిఫిక్ దీవుల మూలాలున్నవాళ్ళు. సమోవా, టోంగా పేర్లు పలకడానికి ఇంగ్లీషు వ్యాఖ్యాతలే తిప్పలు పడతారు. మనకి ఆ బాధ తక్కువ. తెలుగులాగే అవీ అజంత భాషలు, ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. ఫాసుఆమాలెఆఉయి అనే పేరు తెలుగు లిపిలో రాసుకుంటే అచ్చులన్నీ విడివిడిగా కనబడతాయి. ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోవాలి: సమోవన్ రాతలో 'జీ' అక్షరం 'ంగ' పలుకుతుంది. పేర్లన్నీ తెలుగులో రాసి, ఆటగాడు తన పేరు తానే చెప్పుకున్న వీడియోతో సరిచూసుకోవాలి. పేరు సరిగ్గా పలికితే ఆ కుటుంబాలు గుర్తుపెట్టుకుంటాయి, క్లబ్బులు కూడా.

ఒడియా వచ్చుననేది చిన్న విషయం అనుకోవద్దు. భువనేశ్వర్‌లోని గిరిజన విద్యాసంస్థ కిస్ పిల్లలు 2007లో లండన్‌లో అండర్-14 పోటీ గెలిచినప్పటి నుంచి మన ఒడిశాలో రగ్బీ అంటే ఊళ్ళకి తెలుసు. జాతీయ మహిళా జట్టులో ఒడిశా అమ్మాయిలు ఆడుతున్నారు. వాళ్ళని వాళ్ళ భాషలో మాట్లాడించి, తెలుగులో వివరించడం ఆమె రేపటి నుంచే చేయగల పని. అది లీగ్ కాదు, సెవెన్స్ అని స్పష్టంగా చెప్తూనే చేయాలి.

రుషికుల్య (బరంపురం):

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. "ట్రై చేశాడు" సంగతి మాకు తట్టనే లేదు. మ్యాచ్ క్లిప్పులు పెట్టి తెలుగులో వివరించే చానెల్ ఒకటి మొదలుపెడదామని అనుకుంటున్నాం. వచ్చే సీజన్‌కి ఓసారి సిడ్నీ వెళ్ళి అక్కడ కూడా షూట్ చేయాలని ఉంది. ఇబ్బందులుంటాయా?

గేటు_పాసు (జయపురం):

ఉంటాయి. మూడు చోట్ల.

క్లిప్పులు: ప్రసార హక్కులు ఉన్నవాళ్ళవి అవి. యూట్యూబ్‌లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే చానెల్ పోతుంది, ఒక్కో స్ట్రైకు 90 రోజులుంటుంది. చిన్న ముక్కే కదా, మన మాటలు కలిపాం కదా అన్న వాదన యంత్రం వినదు. చేయాల్సింది తెల్లబోర్డు. 100 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు మైదానం గీసి, 13 ఎర్ర బిళ్ళలు, 13 నీలం బిళ్ళలు పెట్టి ఒక్క ట్రై ఎలా పడిందో చూపించండి. క్యారమ్ కాయిన్లు చాలు. పైనుంచి ఫోను, పక్కనుంచి కిటికీ వెలుగు. వీడియోకి ఒకే కదలిక, నాలుగు నిమిషాలు దాటొద్దు. రెండు కదలికలు పెడితే కొత్త ప్రేక్షకుడు బిళ్ళల్లో తప్పిపోతాడు.

వీసా: విజిటర్ వీసా 600 మీద వెళ్ళి అక్కడ పని చేయకూడదు. డబ్బు తీసుకుని షూటింగు, యాంకరింగు అంటే 408 తరగతిలోని వినోద రంగం దారి చూడాలి, దానికి అక్కడి సంస్థ మద్దతు కావాలి. మైదానంలోకి మీడియా పాసు సొంత చానెల్ పేరు మీద అడిగితే కష్టం. ఏదైనా నమోదైన సంస్థ ఎడిటర్ సంతకంతో ఉత్తరం ఉండాలి. అందుకే వెళ్ళకముందే అక్కడి తెలుగు రేడియోకో వెబ్‌సైటుకో ఇక్కణ్ణుంచి ఐదారు వారాలు వరసగా పంపి ఉంటే ఆ ఉత్తరం దొరుకుతుంది.

షో ఒప్పందం: ఇది చాలామంది మర్చిపోతారు. బయటికొచ్చాక ఇన్ని నెలలు వేరే చానెల్లో కనబడకూడదు, డిజిటల్ పనికి అనుమతి తీసుకోవాలి అనే షరతులు ఉండొచ్చు. సంతకం చేసిన కాగితం తీసి, 'ప్రత్యేక హక్కులు' ఉన్న పేజీ లాయరుతో చదివించి, అనుమతి కావాలంటే మెయిల్లో అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఫోన్లో "సరే కానీయండి" అన్న మాట తర్వాత పనికిరాదు.

సిరోంచ_చెడుగుడు (సిరోంచ, గడ్చిరోలి):

శబ్దం గురించి నేను. మైదానంలో కాలరుకి పెట్టే వైర్‌లెస్ మైకు జనం గోలంతా పట్టేస్తుంది. చేతిలో పట్టుకునే డైనమిక్ మైకు, నోటికి నాలుగు వేళ్ళ దూరంలో, పైన స్పాంజి తొడుగు. ఎదుటివాళ్ళని అడిగేటప్పుడు మైకు వాళ్ళ చేతికి ఇవ్వకూడదు, ఇస్తే కిందకి దించేస్తారు. మా వైపు ఊరి చెడుగుడు పోటీల్లో మైకు మీద చెప్పేవాళ్ళు ఎప్పుడూ కావాలి. మీ వైపు గంజాంలో, గజపతిలో కూడా అంతే కదా. నలభై నిమిషాలు ఆగకుండా, కాగితం చూడకుండా చెప్పడం అక్కడే వస్తుంది. రైడు ముప్పై సెకన్లు కాబట్టి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా తెలుస్తుంది.

రుషికుల్య (బరంపురం):

చివరగా ఒకటి. ఎవరికైనా నమూనా పంపాలంటే అందులో ఏముండాలి?

ఆరో_పట్టు (రాయగడ):

తొంభై సెకన్లు, అంతే. మొదటి పదిహేను సెకన్లలో పేరు, భాషలు, ఆడిన ఆట సెవెన్స్ అని. తర్వాత ముప్పై సెకన్లు తెల్లబోర్డు మీద ఒక ట్రై, తెలుగులో, కింద ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళతో. ఆ తర్వాత ముప్పై సెకన్లు ఒడిశా క్రీడాకారిణితో ముఖాముఖి. చివరి పదిహేను సెకన్లు ఇంగ్లీషులో, పరమటా వైపు తెలుగు కుటుంబాలకి ఏం చేయగలదో. షోలో ఏడ్చిన ముక్క, నామినేషన్ గొడవ ముక్క ఒక్క సెకను కూడా వద్దు. షో సంగతి మెయిల్లో చివరి వరసలో, అనుచరుల సంఖ్యతో పాటు వాళ్ళలో ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళు ఎందరో రాయండి. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫెషనల్ ఖాతా లెక్కల్లో దేశాల వారీగా కనబడుతుంది. ఆ అంకె చిన్నదైనా సరే ఉన్నదున్నట్టు రాయండి. సీజన్ మార్చిలో మొదలవుతుంది, మెయిల్ నవంబర్‌లో వెళ్ళాలి. ఫిబ్రవరి నాటికి క్లబ్బులు ఎవర్ని తీసుకోవాలో తేల్చేసుకుని ఉంటాయి.