కిరాయి దళం గాలిబండి (హోవర్‌క్రాఫ్టు) "తొండ": డిజైన్ పెట్టినా, చూసి చెప్పండి

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):
మనం కలిసి రాస్తున్న బొమ్మల కథకు బండి తయారైంది. మధ్యలో వచ్చినోళ్ళ కోసం: కథ 2180లో జరుగుతుంది. నీళ్ళ కోసం ఊళ్ళు కొట్టుకుంటుంటాయి. బనకచెర్ల నుంచి అవుకు, అక్కడి నుంచి గండికోట దాకా నీళ్ళ ట్యాంకర్లకు కాపలా పోయేది కిరాయి సైనికులు. వాళ్ళ బండే తొండ. పొడవు 9 మీటర్లు, వెడల్పు నాలుగున్నర, బరువు 14 టన్నులు. చక్రాల్లేవు. కింద గాలిని పట్టి ఉంచే రబ్బరు గుడ్డ అంచు, అదే స్కర్టు, పైకి లేపడానికి నాలుగు ఫ్యాన్లు, తోయడానికి వెనక రెండు ప్రొపెల్లర్లు, నెత్తిన 30 మి.మీ. గన్ను. ముందు క్యాబిన్లో దళనాయకుడు, డ్రైవరు. వెనక గదిలో ఎనిమిది మంది. దిగే తలుపు వెనక.

14 టన్నులా అని నోరు తెరవద్దు. కింద గాలి పరుచుకునే జాగా 40 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు 350 కిలోలే. ఊరికే నిలబడ్డ మనిషి అరికాళ్ళ కింద దీనికి నాలుగైదు రెట్లు బరువు పడుతుంది. వాన పడినాక కోవెలకుంట్ల రేగడిలో ట్రాక్టర్లే కూరుకుపోతాయి కదా, ఇది పైపైన జారుకుంటూ పోతుంది.

గుత్తి_గేటు:
పేరు బాగుంది. తొండ ముదిరితే ఏమైతుందో అందరికీ తెలుసు.

తాడిపత్రి_టిప్పర్:
రేగడి సరే సామీ. కంపచెట్ల సంగతేంది? వంకలో, గట్టు మీద యాడ చూసినా కంపే. ఆ ముల్లు దిగితే నా టిప్పర్ టైరే నిలబడదు, నీ రబ్బరు గుడ్డ నిలబడతాదా? పైగా మా పక్క చేనికి నాపబండలు నిలువుగా పాతి కంచె కడతారు. దాన్నెట్ల దాటుతాది? స్కర్టు చినిగితే మార్చేదెవురు, దానికి లెక్క ఇచ్చేదెవురు?

హంద్రీ_ఒడ్డు:
స్కర్టు అంటే ఒకే గుడ్డ కాదన్నా. కింద అంచు వేళ్ళలాగా విడివిడి ముక్కలుగా ఉంటుంది. ఒకటి చినిగితే పక్కవి ఉబ్బి ఆ సందు మూస్తాయి. క్రిస్టఫర్ కాకరెల్ చేసిన ఎస్ఆర్ఎన్1 అనే హోవర్‌క్రాఫ్టు 1959 జులైలో ఇంగ్లిష్ ఛానల్ దాటినప్పుడు అసలు స్కర్టే లేదు. స్కర్టు తర్వాత వచ్చింది, దాంతోనే అడ్డాలు దాటడం కుదిరింది. ఈ రోజు అమెరికా నేవీ హోవర్‌క్రాఫ్టు ఎల్‌క్యాక్ ఒక్కొక్కటి 60 టన్నులు మోస్తుంది. ట్యాంకునే ఎక్కించుకుని సముద్రం మీద నుంచి ఇసుక మీదికి వస్తుంది.

తాడిపత్రి_టిప్పర్:
సముద్రంలో కంప ఉంటాదా? లెక్క ఎవురిస్తారని అడిగినా, దానికి జవాబు ల్యాదు.

బొమ్మలోడు (అనంతపురం):
గీయడానికి కూర్చున్నా. ఒక డౌటు. ప్రొపెల్లర్లు వెనక. తలుపూ వెనకే. దిగేవాడు ఎట్ల దిగాల?

గుత్తి_గేటు:
దాని కన్నా ముందు ఆ గన్ను సంగతి చూడండి. నేల మీద పట్టు లేని బండి. పేల్చినారంటే ఎనక్కి జారి ఆదోనిలో తేలుతుంది.

హంద్రీ_ఒడ్డు:
ఇది అందరూ అనే మాటే. లెక్క చూడండి. 30 మి.మీ. గుండు సుమారు 400 గ్రాములు, సెకనుకు సుమారు 1000 మీటర్ల వేగం. 14 టన్నుల బండి దానికి వెనక్కి కదిలేది సెకనుకు 3 సెంటీమీటర్లు. సెకనులో పది గుండ్లు పేల్చినా 30 సెంటీమీటర్లు, చిన్నపిల్లోడి నడక కంటే తక్కువ. బయటికొచ్చే గ్యాసు కూడా కలిపితే ఇంకొంచెం. ప్రొపెల్లర్ కాస్త పెంచితే సరి.

గుత్తి_గేటు:
ముందుకు పేలిస్తే. పక్కకు పేలిస్తే?

హంద్రీ_ఒడ్డు:
పక్కకు జారుతుంది. జారితే ఏం, నేల ఉంది కదా.

ముద్దనూరు_అక్క:
ఆ నేల సంగతే చెప్తా. నేను సివిల్ ఇంజనీర్ని. బనకచెర్ల, గోరకల్లు, అవుకు, గండికోట, మీరు రాసుకున్న దారంతా గాలేరు-నగరి కాలువ దారే. కాలువలో పోవడానికి ఇంతకంటే మంచి బండి లేదు, ఒప్పుకుంటా. బయటికి రావడం ఎట్ల? లైనింగ్ చేసిన కాలువ గట్టు మామూలుగా ఒకటిన్నరకు ఒకటి వాలు, దాదాపు 34 డిగ్రీలు. చక్రమైతే నేలను పట్టుకుని ఎక్కుతుంది. దీనికి పట్టు లేదు, మొత్తం ప్రొపెల్లరే తోయాల. 14 టన్నులకు ఆ వాలు మీద జారకుండా నిలబడటానికే ఏడున్నర టన్నులకు పైన తోపు కావాల. పదికి ఒకటి ఎక్కే మామూలు రోడ్డు మీదే 1.4 టన్నులు. ఇక ఘాట్ రోడ్డు మలుపులో అది ఎటు పోతుందో డ్రైవర్ కంటే లోయకే ముందు తెలుస్తుంది.

హంద్రీ_ఒడ్డు:
అక్కా, ర్యాంపులు ఉంటాయి కదా.

ముద్దనూరు_అక్క:
ఉంటాయి. దొంగలకు కూడా తెలుసు ఎక్కడున్నాయో.

యర్రమల_నీడ:
వియత్నాంలో అమెరికా సైన్యం మెకాంగ్ డెల్టాలో మూడు హోవర్‌క్రాఫ్టులు తిప్పింది, 1968 నుంచి. బురదలో, వరి మడిలో బ్రహ్మాండంగా పోయాయి. రెండు ధ్వంసమైనాయి, 1970లో మూసేశారు. అంతే చెప్పాలనిపించింది.

బొమ్మలోడు:
తలుపు.

తాడిపత్రి_టిప్పర్:
హంద్రీ, ఇంత రాసినావు. గన్ను గ్రాములు కూడా రాసినావు. ఉక్కు మందమెంతో రాయల్యా. యాడ ఎంత?

హంద్రీ_ఒడ్డు:
క్యాబిన్ 25 మి.మీ. ఆర్మర్ ప్లేటు. వెనక గది 6 మి.మీ. మామూలు ఉక్కు. బరువు మిగలాల కదన్నా. 25 మందం అంటే చదరపు మీటరుకు 196 కిలోలు. బండంతా అదే వేస్తే లేవదు.

తాడిపత్రి_టిప్పర్:
ఇదీ సంగతి. నాకు మొదటి నుంచి అనుమానమే. 6 మి.మీ. మామూలు రేకు రైఫిల్ గుండును ఆపుతాదా? ఆపదు, నీకూ తెలుసు. మా పెదనాయన ఒక నాయకుని కాన్వాయ్‌లో వెనక జీపు తోలేవాడు. ముందు కారుకు బుల్లెట్ ప్రూఫ్. వెనక జీపుకు టాపు గుడ్డ, అది కూడా ఒకపక్క తాడుతో కట్టింది. ఏదన్నా జరిగితే మొదట కొట్టేది వెనక బండినే. ఆయనకు భుజంలో దిగింది. ఆస్పత్రి ఖర్చు మేము పొలం అమ్మి పెట్టుకున్నాం. ఇప్పుడు నువ్వు 2180లో కూడా అదే జీపు చేస్తాండావు, దానికి ఫ్యాన్లు పెట్టి.

హంద్రీ_ఒడ్డు:
అన్నా, పెదనాయన విషయం బాధే. ఇది కథ. వీళ్ళు డబ్బుకు వచ్చినోళ్ళు, ఎవరూ మెడ పట్టి ఎక్కించలేదు. బండి నాయకుడిది, దాని మీద అప్పు నాయకుడిది. ఆయన పోతే రేపటి నుంచి దళమే ఉండదు. నీ టిప్పర్లో క్లీనర్‌కు ఏసీ పెట్టినావా?

తాడిపత్రి_టిప్పర్:
నా క్లీనర్ నా పక్క సీట్లో కూచుంటాడు. అద్దం పగిలితే ఇద్దరి మొగానా పడతాది. పోయిన కాలువ పనిలో కాంట్రాక్టరు బిల్లు ఎగ్గొడితే వాని జీతం నేను అప్పు తెచ్చి ఇచ్చినా. డబ్బుకు వచ్చినోడంటే ఏంది? నువ్వు కూడా ఉద్యోగానికి డబ్బుకే పోతాండావు. మీ ఆఫీసు స్లాబు సగం మందికే వేస్తే కూచుంటావా?

గుత్తి_గేటు:
నిదానం, నిదానం.

ముద్దనూరు_అక్క:
ఇద్దరూ ఆగండి. వెనక గది గోడలు, కప్పు కలిపి 36 చదరపు మీటర్లు అనుకుందాం. 6 మందాన్ని 12 చేస్తే పెరిగేది 1.7 టన్నులు. చదరపు మీటరుకు 350 కాస్తా 390 అవుతుంది. లేపే ఫ్యాన్లకు దాదాపు ఐదో వంతు ఎక్కువ బలం కావాల. అది పెద్ద కష్టం కాదు. కాబట్టి బరువు సాకు మానుకో హంద్రీ. వాళ్ళ మీద పెట్టడం నీకిష్టం లేదు, అంతే.

హంద్రీ_ఒడ్డు:
అవునక్కా, ఇష్టం లేదు. కిరాయి దళం అంటే వ్యాపారం. ఆ ఐదో వంతు బలానికి ఇంధనం ఎవరు పోస్తారు? వెనకోళ్ళను కూడా సొంత అన్నదమ్ముల్లా చూసుకునే దళం కావాలంటే అది వేరే కథ, వేరేవాళ్ళు రాసుకోవచ్చు. 25, 6. మార్చను.

తాడిపత్రి_టిప్పర్:
అట్లయితే స్కర్టు లెక్క కూడా వెనకోళ్ళ జీతంలోనే కోస్తాడు నీ నాయకుడు. మొదటి రోజు అడిగింది ఇదే.

యర్రమల_నీడ:
నాకు వెనకోళ్ళ వైపు నుంచి కథ చదవాలని ఉంది.

బొమ్మలోడు:
మీరు కొట్లాడుతుంటే నేను రెండు పేజీలు గీసినా. తలుపు ఎడమ పక్కకు జరిపినా, ఇక అడగను. రేకు మందం నా బొమ్మలో కనపడదు, మీరే తేల్చుకోండి. ప్రొపెల్లర్లకు జాలీ వేసేదా వద్దా, అది చెప్పండి చాలు.

తాడిపత్రి_టిప్పర్:
వెయ్. ల్యాకపోతే కంప ఇరుక్కుంటాది.

హంద్రీ_ఒడ్డు:
జాలీ బరువెంత?